ఈ గురువారం కూడా లేదు

ఇచ్చోడ దాటాక హైవే దిగి పక్కరోడ్డు పడితే ఒక వాగు వస్తుంది. వాగు మీద ఎత్తు తక్కువ వంతెన. అది దాటి పత్తిచేన్ల మధ్య నుంచి ఇంకొంత దూరం పోతే మా క్రైస్తవ సంఘాల ఆసుపత్రి. ఎప్పుడో మిషన్ దొరలు కట్టించారు. వాళ్లు వెళ్లిపోయాక ఇక్కడి చర్చిల వాళ్లే కమిటీ వేసుకుని ఎట్లాగో నెట్టుకొస్తున్నారు. అక్కడున్న సర్జన్ వయసు మీదపడి మానుకున్నాడు. కొత్తవాళ్లు ఎవరూ రావడం లేదు.

నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జన్‌ని. మా చర్చి పాస్టరుగారే ఆ కమిటీకి పెద్ద. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, ఈ వానాకాలం వరకు వచ్చి ఉండమని అడిగాడు. ఈలోగా ఎవరినైనా శాశ్వతంగా వెతుక్కుంటామన్నాడు. మా అమ్మ పెళ్లికి ముందు ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసింది. ఆయన ఆ మాట కూడా ఎత్తాడు. సేవ చేయాలన్న ఉత్సాహం నాలో పొంగిపొర్లిందని చెప్పను. కాదనడానికి నోరు రాలేదు, అంతే. సెలవు పెట్టి, రెండు సూట్‌కేసులు సర్దుకుని, తొలకరి పడిన వారానికి అక్కడ దిగాను. ఒక సూట్‌కేసులో నా బట్టలు. రెండోదానిలో చేతి తొడుగులు, కుట్టు దారాలు, ఒకసారి వాడి పారేసే గౌన్లు. అక్కడ ఏమేమి ఉండవో నాకు కొంత అంచనా ఉంది. ఆ అంచనా చాలా తక్కువని మొదటి పొద్దునే తెలిసింది.

థియేటర్ తాళంచెవి సిస్టరమ్మ దగ్గర ఉంటుంది. ఆమె అక్కడ అందరికన్నా పాత నర్సు. పెద్ద ఎత్తు లేదు, గొంతు మాత్రం గట్టిది. పొద్దున వరండాలో ప్రార్థన పాట ఎత్తుకుంటే గేటు దాకా వినిపిస్తుంది. ఆమె నాకు థియేటర్ చూపించింది. ఆపరేషన్ బల్ల ఒకవైపు కుంగుతుంటే కింద చెక్కముక్క పెట్టారు. పైన లైటులో సగం బల్బులే వెలుగుతున్నాయి. రక్తం, నీరు పీల్చే మిషన్ కాలితో తొక్కేది. వీటన్నిటితో ఎట్లాగో సర్దుకోవచ్చు అనుకున్నాను. ఆటోక్లేవ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆపరేషన్‌కు వాడే కత్తులు, కత్తెరలు, బట్టలు అన్నీ ఆవిరి ఒత్తిడిలో ఉంచి క్రిములు లేకుండా చేసే పెద్ద డ్రమ్ము అది. దాని మూత చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ ఎండి పగుళ్లిచ్చింది. సిస్టరమ్మ స్విచ్ వేసింది. కొంతసేపటికి మూత అంచు నుంచి ఆవిరి బుస్సుమని కొట్టింది. ఒత్తిడి చూపించే ముల్లు ఉన్నచోటే ఉంది.

"జర మూత మీద బరువు పెడితే నడుస్తది మేడమ్" అంది సిస్టరమ్మ.

బరువేమిటో చూపించింది. మసాలా నూరే బండ. ఆవిరి పట్టిన డ్రమ్ము మీద బండ పెట్టి ఇన్నాళ్లు వీళ్లు బతికి ఉండడమే ఆశ్చర్యం అనిపించింది. ఆ బండను నేనే మోసుకుపోయి వంటింటి వెనక పెట్టాను. ఆమె చూస్తూ నిలబడింది. కొత్త గాస్కెట్ కోసం ఆ రోజే పాస్టరుగారికి ఫోన్ చేశాను. కమిటీలో పెడతానన్నాడు.

ఇంకొక చిక్కు మత్తు డాక్టరుది. ఆయన ఆదిలాబాద్‌లో ఉంటాడు. అక్కడ నాలుగైదు ఆసుపత్రులకు ఆయన ఒక్కడే దిక్కు. మాకు గురువారం ఇచ్చాడు. అంటే మా ఆపరేషన్లన్నీ గురువారమే, అదీ ఆయనకు అక్కడ తీరిక దొరికితే.

మిగతా రోజుల్లో నా పని ఏమిటంటే, రోగులను చూడడం, వాళ్లలో ఎక్కువమందిని పంపించేయడం. పొద్దున ప్రార్థన అయ్యేసరికి వరండా నిండేది. ఎద్దు పొడిచి తొడ చీలిన వాళ్లు, పత్తికి మందు కొట్టి కళ్లు తిరిగి పడినవాళ్లు, చెయ్యి విరిగితే ఊళ్లో వెదురు బద్దలు కట్టించుకుని అది వాచాక వచ్చినవాళ్లు. చీము గడ్డలు కోశాను, గాయాలు కుట్టాను, తేలు కుట్టినవాళ్లకు మందిచ్చి పక్కన కూర్చున్నాను. మరాఠీ కలిసిన వాళ్ల తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. నొప్పి ఎక్కడంటే వాళ్లు చెప్పే మాటకు సిస్టరమ్మ అర్థం చెప్పాలి. రొమ్ములో గడ్డ ఉన్నామె వచ్చింది, పిత్తాశయంలో రాళ్లున్న ముసలామె వచ్చింది. కరీంనగర్‌లో అయితే మర్నాడే లిస్టులో వేసేదాన్ని. ఇక్కడ కాగితం మీద రాసి ఆదిలాబాద్ పొమ్మన్నాను. వాళ్లు ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుని ఇంటికే పోతారని నాకు తెలుసు. బస్సు ఎక్కి, అంత పెద్ద ఊళ్లో ఆసుపత్రి వెతుక్కుని, అక్కడ తోడు ఉండేవాళ్లను చూసుకుని పోవడం వాళ్లకు ఎంత కష్టమో వాళ్ల ముఖాల్లోనే కనిపించేది. రాయడం తప్ప ఏం చేయాలో తోచేది కాదు. సాయంత్రం గదికి వచ్చి, జొన్నరొట్టె ముందు పెట్టుకుని, ఆ రోజు నేను చేయని ఆపరేషన్లు తలుచుకునేదాన్ని. ఒళ్లు అలిసేది కాదు. అలిసేంత పని చేయలేకపోతున్నానన్నదే నా బాధ.

ఆ రోజుల్లో వచ్చాడు ఆయన. అరవై దాటిన మనిషి. బొగ్గు బాయిలో లోపలి పని చేసి రిటైరై, నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, పుట్టిన ఊరికి తిరిగొచ్చి పత్తి పెడుతున్నాడు. మా ఆసుపత్రికి రెండు ఊళ్ల అవతలే ఇల్లు. వెంట భార్య. కుడి గజ్జలో హెర్నియా. నిలబడితే కోడిగుడ్డు కన్నా పెద్దదిగా పేగు కిందికి దిగుతుంది. పడుకుని వేలితో నొక్కితే లోపలికి పోతుంది. నస్పూర్ దిక్కు పోతే కంపెనీ ఆసుపత్రిలో ఆయనకు వైద్యం ఉంది. అదే మాట చెప్పాను. విత్తనం పెట్టి ఉన్నాననీ, ఇప్పుడు చేను వదిలి అంత దూరం పోయి పడుకునేది లేదనీ అన్నాడు.

"ఈడ సర్జన్ డాక్టరమ్మ వచ్చిందని చెప్పిండ్రు. నువ్వు చేస్తవా చెయ్యవా?" అని అడిగాడు.

చేస్తానన్నాను. నిజానికి సంతోషంగానే అన్నాను. వచ్చినప్పటి నుంచి నాకు చేతనైన పని ఒకటి దొరికింది. హెర్నియా ఆపరేషన్ నాకు కొట్టిన పిండి. పైగా పేగు ఇంకా లోపలికి పోతోంది కాబట్టి తొందర లేదు, నిదానంగా శుభ్రంగా చేయొచ్చు. గురువారం రమ్మన్నాను. ఆటోక్లేవ్ మూత అంచున గుడ్డ పేలికలు చుట్టి ఎట్లాగో ఒకసారి ఒత్తిడి ఎక్కించి పరికరాలు సిద్ధం చేశాం.

ఆ గురువారం ఆయన పరగడుపున వచ్చాడు. గెడ్డం గీయించుకుని, తలస్నానం చేసి, భార్యతో పాటు వరండాలో కూర్చున్నాడు. మత్తు డాక్టరు ఫోన్ చేశాడు. ఆదిలాబాద్‌లో ఒకామెకు కాన్పు కష్టమై కడుపు కోయాల్సి వచ్చిందట. రాలేనన్నాడు. తల్లీబిడ్డల ప్రాణం కదా, ఆయన్ని ఏమనగలను. బయటికి వచ్చి కాకాకు చెప్పాను. ఆయన్ని నేను కాకా అనే పిలిచేదాన్ని.

"పొద్దటి సంది కడుపు మాడ్చుకున్న. నీళ్లు సుత తాగలే. గిప్పుడు లేదంటవా?"

"మత్తు డాక్టరు రాలే కాకా. నేనేం చెయ్యాలె?"

"ఆయన వచ్చేది లేనిది ఎరుక లేకుండనే నన్నెందుకు రమ్మన్నవ్?"

భార్య ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. పోతూ పోతూ, మళ్లీ గురువారమేనా అమ్మా అని నన్నడిగింది. అవునన్నాను.

మళ్లీ గురువారం మత్తు డాక్టరు వచ్చాడు. పొద్దున్నే, కారులో, నవ్వుతూ వచ్చాడు. ఆటోక్లేవ్ రాలేదు. అంటే, దానికి ఒత్తిడి రాలేదు. పోయిన వారం సిద్ధం చేసిన పరికరాలను ఇన్ని రోజులయ్యాక మళ్లీ ఆవిరి పట్టాల్సిందే. పేలికలు తడిసి జారిపోయాయి. గాస్కెట్‌లో పగులు ఇంకా పెద్దదైంది. మళ్లీ చుట్టాం, మళ్లీ వేశాం. మూత ఒకవైపు నుంచి ఆపితే ఇంకోవైపు నుంచి ఆవిరి. ముల్లు సగం దాకా లేచి పడిపోయింది. మత్తు డాక్టరు వరండాలో చాయ్ తాగి, గడియారం చూసుకుని, మధ్యాహ్నానికి తాను ఆదిలాబాద్‌లో ఉండాలని చెప్పాడు. సిస్టరమ్మ స్టవ్ వెలిగించింది. పరికరాలు నీళ్లలో ఉడకబెడదామంది. నేను వద్దన్నాను. అక్కడే మాకు మాటామాటా పెరిగింది.

"ఇన్నేండ్లు ఎన్నో మార్లు ఉడకబెట్టే చేసినం మేడమ్. గిప్పుడు మీరొచ్చి వద్దంటున్నరు."

"ఉడకబెడితే అన్ని క్రిములు చావవు సిస్టరమ్మా. నేను లోపల కండకు బలంగా వలలాంటి జాలీ పెట్టాలె. దానికి చీము పడితే మళ్ల మొత్తం కోసి తియ్యాలె. ధనుర్వాతం వస్తే?"

"మీరు వద్దంటే ఆయన రోగం ఆగుతదా? ఇంకో కాడికి పోతడు. ఆడ ఉడకబెట్టుడు సుత ఉండది."

ఆమె మాటలో నిజం ఉంది, నా మాటలోనూ ఉంది. అందుకే ఇద్దరం అంత గట్టిగా అరుచుకున్నామేమో. తొందరలేని ఆపరేషన్‌ను శుభ్రంలేని పరికరాలతో చేయడానికి నాకు చెయ్యి రాలేదు. స్టవ్ నేనే ఆర్పేశాను. సిస్టరమ్మ ట్రేలు గట్టిగా చప్పుడు చేస్తూ బీరువాలో పెట్టి తాళం వేసింది. కాకాకు చెప్పడానికి నేను వరండాలోకి పోయేసరికి లోపలి కేకలు ఆయన విననే విన్నాడు. ఆసుపత్రి గౌను విప్పి చొక్కా తొడుక్కుంటున్నాడు. ఒక్క మాటా అనలేదు. అంతకుముందు వారం తిట్టినప్పుడే నయంగా ఉండింది.

ఆ శనివారం బస్సెక్కి కరీంనగర్ వచ్చాను. కమిటీ ఇంకా కూర్చోలేదట. పాత గాస్కెట్‌ను సంచిలో వేసుకుని ఆసుపత్రి సామాను అమ్మే దుకాణాలన్నీ తిరిగాను. ఆ మిషన్ చేసిన కంపెనీయే ఇప్పుడు లేదన్నారు. కొత్త మిషన్ కొనుక్కోండి మేడమ్ అని ఒకాయన కాటలాగ్ ముందు పెట్టాడు. చివరికి గ్రానైట్ కోసే మిషన్లకు రబ్బరు సామాను చేసిచ్చే ఒక షెడ్డు దొరికింది. ఎండలో లారీల మధ్య నిలబడి, రాళ్లు కోసే చప్పుడులో అరుస్తూ, ఆవిరికి కరగని రబ్బరు కావాలని చెప్పాను. ఆ షెడ్డాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, షీటు కోసి ఇచ్చాడు. నేను ఎంత సంతోషపడ్డానంటే, ఇంటికి పోయి మా ఆయనకు కూడా చూపించాను. తీరా ఆదివారం తెచ్చి పెడితే అది మందం ఎక్కువైంది. మూత గడియ పడలేదు. నేను, సిస్టరమ్మ ఇద్దరం మూత మీద ఒరిగి నొక్కాం. బ్లేడుతో అంచు గీశాం. పడలేదు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. సిస్టరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ప్రభువా, అని నేల మీద కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా కారణం ఒక రబ్బరు ముక్క కావడం నాకు మరీ అవమానంగా తోచింది. దాన్ని మళ్లీ బస్సు పార్సిల్‌లో కరీంనగర్ పంపి, పలచగా చేసి పంపమని షెడ్డాయనకు ఫోన్ చేశాను.

మూడో గురువారం కాకా రాలేదు. నాకు పరికరాలూ లేవు కాబట్టి వచ్చినా పంపించేయాలి. అయినా గేటు వైపు చూస్తూ ఉన్నాను. చేనులో కలుపు తీయిస్తున్నాడని ఎవరో చెప్పారు.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఎడతెరిపి లేని వాన. వాగు పొంగి వంతెన మీద నుంచి పారింది. ఇచ్చోడ బస్టాండుకు పార్సిల్ వచ్చిందని ఫోన్ వచ్చింది. పలచగా చేసిన గాస్కెట్ అక్కడ, మేము వాగుకు ఇవతల. ఆ మధ్యాహ్నమే ఒక ట్రాక్టర్ ఆసుపత్రి లోపలికి వచ్చింది. ట్రాలీలో టార్పాలిన్ కింద కాకా ముడుచుకుని పడుకుని ఉన్నాడు. భార్య ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ముందురోజు నుంచి పేగు లోపలికి పోలేదు. ఊళ్లో మందులిచ్చే ఆయన దగ్గర సూది వేయించుకుని చూశాడట. వాంతులు పట్టుకున్నాయి, పొట్ట ఉబ్బింది. గజ్జలో గడ్డ రాయిలా గట్టిగా, ఎర్రగా ఉంది. వేలు ఆనిస్తేనే మూలిగాడు. చూడగానే తెలిసింది. పేగు ఇరుక్కుని, దానికి రక్తం ఆగిపోయింది. ఇంకొంతసేపు ఆగితే కుళ్లి పగిలిపోతుంది.

ఆదిలాబాద్ పంపడానికి దారి లేదు. అంబులెన్సు వాళ్లు వాగు అవతల హైవే మీద నిలబడి, నీళ్లు తగ్గితే వస్తామన్నారు. మత్తు డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన పాపం ఎంతో ఓపికగా, నడుముకు ఇచ్చే మత్తు నన్నే ఇవ్వమని, మోతాదు, జాగ్రత్తలు అన్నీ చెప్పి, ఫోన్ దగ్గరే ఉంటానన్నాడు. చదువుకునే రోజుల్లో ఇచ్చాను, చెయ్యి తిరిగినదాన్ని కాదు. అయినా ఇవ్వొచ్చు. పరికరాలే సమస్య. సిస్టరమ్మ స్టవ్ వైపు చూసింది, నా వైపు చూసింది. ఈసారి ఉడకబెడదామని ఆమె అనలేదు. ఆసుపత్రి పక్కనే పిల్లల హాస్టల్ ఉంది. అక్కడ పప్పు వండే పెద్ద ప్రెషర్ కుక్కర్ నాకు గుర్తొచ్చింది. ఆటోక్లేవ్ చేసే పనీ అదే, ఆవిరిని బయటికి పోనివ్వకుండా ఒత్తిడి ఎక్కించడం. ముందే ఎందుకు తోచలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ అందులో నాలుగు పరికరాలు, కొద్దిగా గుడ్డ తప్ప పట్టవు. అవసరమైనవి మాత్రం ఏరి సిస్టరమ్మ గుడ్డలో చుట్టి పెట్టింది. విజిల్ వచ్చాక కూడా చాలాసేపు ఉంచాం. హాస్టల్ వంటామె ఒకటే గొణుగుడు, మళ్లీ ఆ కుక్కర్‌లో పప్పు ఎట్లా వండేదని.

కరెంటు పొద్దున్నే పోయింది. జనరేటర్ మీద సగం బల్బులు వెలిగాయి. బల్లను కిటికీ దగ్గరికి జరిపి, కిటికీ రెక్కలు మూసే ఉంచి అద్దాలకు ఉన్న కర్టెన్ పీకేశాం. నడుముకు సూది మొదటిసారి పడలేదు. రెండోసారి పడింది. కాకాకు కాళ్లు మొద్దుబారాయి. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి ఉంచినందున గొంతు బొంగురుగా ఉంది, కానీ తెలివిగానే ఉన్నాడు. తలదగ్గర కూర్చుని బీపీ చూడడానికి ఇంకో చిన్న నర్సును పెట్టి, సిస్టరమ్మ నాకు ఎదురుగా నిలబడింది.

కోసి తెరిస్తే పేగు నల్లగా ఉంది. బిగిసిన కండరాన్ని కోసి వదులు చేశాను. వేడి సెలైన్‌లో ముంచిన గుడ్డ కప్పి ఆగాను. రక్తం మళ్లీ పారితే రంగు తిరుగుతుంది. తిరగకపోతే ఆ ముక్క తీసేయాలి. ఆ ఆగడం కన్నా కష్టమైన పని మా వృత్తిలో ఇంకొకటి లేదు. కిటికీ అద్దాల మీద వాన కొడుతోంది.

"చేతులు ఆపినవ్. ఏమైంది?" అన్నాడు కాకా, కప్పిన గుడ్డ అవతల నుంచి.

"పేగుకు రంగొస్తదేమో చూస్తున్న కాకా. జర ఓపిక పట్టు."

"ఓపిక నాకు నేర్పకు. మూడు వారాలు పట్టిన."

సిస్టరమ్మ కళ్లెత్తి నన్ను చూసింది. మాస్కు వెనక ఆమె నవ్విందో, కోపమొచ్చిందో తెలియలేదు. నాకు మాత్రం కోపమే వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆయన మీద కాదు. ఈ వాగు మీద, మందమైన రబ్బరు మీద, ఇంకా కూర్చోని కమిటీ మీద, మొదటి గురువారమే శుభ్రంగా అయిపోవాల్సిన చిన్న ఆపరేషన్ నా చేతుల్లో ఇట్లా నల్లగా మారడం మీద.

గుడ్డ తీసి చూస్తే చాలామటుకు రంగు తిరిగింది. జానెడు ముక్క మాత్రం తిరగలేదు. దాన్ని తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాను. మధ్యలో బీపీ పడిపోయింది. సెలైన్ వేగం పెంచి, ఫోన్‌లో మత్తు డాక్టరు చెప్పిన మందు ఇచ్చాం. లేచింది. మత్తు దిగిపోయే వేళకు చివరి కుట్లు వేస్తున్నాను. ఆయన పళ్లు బిగించి పడుకున్నాడు, అరవలేదు. జాలీ పెట్టలేదు. పేగు కోసినచోట జాలీ పెట్టకూడదు. పాత పద్ధతిలో కండరాన్నే దగ్గరికి లాగి కుట్టేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులు నాకు ఆయన పొట్టే లోకం. కుట్టిన పేగు పని మొదలుపెట్టిందా లేదా తెలియాలంటే కింది నుంచి గాలి పోవాలి. పొద్దున, సాయంత్రం అదే అడిగేదాన్ని. భార్య ముందు అడిగితే ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఒక పొద్దున నేను నోరు తెరవకముందే, పోయింది, ఇగ అడగకు, అన్నాడు. సిస్టరమ్మ వార్డులోనే పాట ఎత్తుకుంది.

అంతా బాగైందని చెప్పాలని ఉంది. కానీ గాయం కింది అంచున చీము పట్టింది. రెండు కుట్లు విప్పి రోజూ కడిగి కట్టు కట్టాల్సి వచ్చింది. కుళ్లబోయిన పేగు వల్లనా, కుక్కర్ వల్లనా, మూసిన కిటికీ సందుల్లోంచి వచ్చిన గాలి వల్లనా, ఏదీ తేలదు. సిస్టరమ్మ దాని గురించి ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం కలిసే కట్టు కట్టేవాళ్లం. కాకా ఇంటికి పోవాల్సినవాడు పోలేక, కలుపు మిగిలిపోయిన చేను తలుచుకుని, మంచం మీద నుంచి అందరినీ కసిరేవాడు.

వాగు తగ్గాక పాస్టరుగారు కమిటీలో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. వార్డులో ప్రార్థన చేసి, కాకా మంచం దగ్గర ఆగి, దేవుడు కాపాడాడని అన్నాడు. కాకా లేచి కూర్చున్నాడు. బాయిలో ఉన్నప్పుడు ఆయన యూనియన్ మనిషి అని అప్పటికి నాకు తెలియదు.

"డాక్టరమ్మ మంచిగనే చేసింది. నాకు గామె మీద ఫిర్యాదు లేదు. మీ ఆవిరి డబ్బ మంచిగ లేదు. దాన్ని ఎప్పుడు మారుస్తరో చెప్పుండ్రి" అన్నాడు.

పాస్టరుగారు త్వరలోనే అన్నాడు.

"త్వరల అంటే తారీఖు కాదు. తారీఖు చెప్పుండ్రి."

కమిటీ వాళ్లిద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాస్టరుగారు ఒక తేదీ చెప్పాడు. కాకా భార్యను పిలిచి, గుర్తుపెట్టుకో అన్నాడు. నేను ఎన్ని ఫోన్లు చేసినా కదలనిది ఆయన మంచం మీద కూర్చుని కదిలించాడు. నాకు సంతోషంగానూ ఉంది, మంటగానూ ఉంది. రోగి పేగు పోతే తప్ప నా మాట ఎవరికీ వినపడలేదు కదా.

చెప్పిన తేదీకి కాస్త అటూ ఇటూగా కొత్త ఆటోక్లేవ్ లారీలో వచ్చింది. నిలువెత్తు స్టీలు మిషన్. వార్డులోవాళ్లంతా చూడడానికి వచ్చారు. పాస్టరుగారు ఫోన్‌లో ఫొటోలు పంపమన్నాడు. ఇచ్చోడ నుంచి కరెంటు పనిచేసే అతను వచ్చి వెనక ఉన్న కాగితం చదివి, దీనికి త్రీ ఫేజ్ కావాలె మేడమ్, మీకున్నది సింగిల్ ఫేజ్, అన్నాడు. కొనేముందు అది ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నన్నెవరూ అడగలేదు కూడా. కొత్త లైను కోసం దరఖాస్తు పెట్టాలి, స్తంభాలు వేయాలి, అది కమిటీ పని. మిషన్‌ను ప్లాస్టిక్ కవరుతోనే వరండాలో ఒక మూలకు జరిపారు. ఆ రోజు నేను నా గదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఎవరితోనైనా మాట్లాడితే అనరాని మాట అంటానని భయమేసింది.

పలచగా చేసిన రబ్బరు మాత్రం పాత మిషన్‌కు సరిపోయింది. ముల్లు పైకి పోయింది. మిగిలిన గురువారాల్లో మత్తు డాక్టరు వచ్చినప్పుడల్లా ఆపరేషన్లు చేశాను. హెర్నియాలు, ఒక అపెండిక్స్, ఒకామె మెడ మీద కొవ్వుగడ్డ. వచ్చినప్పటి నుంచి నేననుకున్న దానిలో అది ఏ మూలకు. సెలవు అయిపోయింది. సర్జన్ దొరకలేదు, ఇంకా కొన్నాళ్లు ఉండమని పాస్టరుగారు అడిగితే ఉండలేనని చెప్పేశాను. కాకా అప్పటికి ఇంటికి పోయి, పత్తి ఏరించే పనిలో ఉన్నాడు. గాయం మానింది. ఆఖరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, పోతున్నానని చెబితే, ఇంక ఎవరొస్తరు అని అడిగాడు. తెలియదన్నాను. అయితే నువ్వొచ్చి ఏం లాభం, అన్నాడు. కోపంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగాడు. భార్య ఆయన్ని కళ్లతోనే గదిమింది.

తర్వాత ఒక కుర్ర సర్జన్ చేరాడు. పై చదువుకు సీటు రాగానే పోయాడు. మూడు నెలల కింద సిస్టరమ్మ నాకు ఫోన్ చేసింది. అంతకుముందు ఎప్పుడూ తనంతట తాను చేయలేదు. కరెంటు లైను వచ్చిందా అని అడిగాను.

"లైను సంగతి నాకు తెల్వది మేడమ్. ఒక ఆడామెకు రొమ్ముల గడ్డ ఉన్నది. ఆదిలాబాద్ పొమ్మంటే పోనంటున్నది. మీరు వస్తరా, రారా? ఆమెకేం చెప్పాలె?"

ఎన్నాళ్లయింది, కదులుతుందా, చంకలో ఏమైనా తగులుతోందా అని అడిగాను. ఆమె ఒక్కొక్కటీ చేత్తో చూసి చెప్పింది. రావడం నా వల్ల కాలేదు. ఆమెనే కరీంనగర్ పంపమన్నాను. సిస్టరమ్మ ఆమెనూ, భర్తనూ ఇచ్చోడలో తనే బస్సెక్కించింది. వాళ్లు చేతిలో నా నంబరు పట్టుకుని, బస్టాండు నుంచి ఆటోలో మా ఆసుపత్రికి వచ్చారు. ఆపరేషన్ చేశాను. అక్కడ అన్నీ ఉన్నాయి. మత్తు డాక్టరు ఉన్నాడు, లైట్లన్నీ వెలుగుతాయి. ఇంకా చికిత్స మిగిలి ఉంది; నెలనెలా రావాలి.

కట్టు విప్పే రోజు ఆమె నన్ను, ఇదంతా తమ ఊరి దగ్గరి ఆసుపత్రిలో ఎందుకు కాదని అడిగింది. అక్కడ ఏమేమి లేవో, ఏది ఉన్నా ఎందుకు పనిచేయదో చెప్పడం మొదలుపెట్టాను. త్రీ ఫేజ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె భర్త లేచి నిలబడ్డాడు. ఇచ్చోడ మీదుగా పోయే ఆదిలాబాద్ బస్సుకు వేళైందన్నాడు.